వెనక ఇద్దరు వస్తున్నారు

హెల్మెట్ తియ్యకుండానే చెప్పింది:
"వెనక ఇద్దరు వస్తున్నారు.
మా ఆయనా, ఆయన తమ్ముడూ.
కాస్త నెమ్మదిగా నడుపుతారు."
ఆమెది తుర్కీ మాట, నాది కిర్గిజ్.
సగం అర్థమవుతుంది,
మిగతా సగం మొహం చెబుతుంది.

అలాయ్ లోయలో ఈ దారికి మా ఇల్లే ఆఖరిది.
గుమ్మంలో నిలబడితే
ఆమె వచ్చిన దారంతా కనబడుతుంది,
ఆరేసి మరిచిపోయిన తాడులా.
దాని మీద దుమ్ము లేవలేదు.
ఈగంత దుమ్ము కూడా.

నేనేమీ అనలేదు.
మూడు గిన్నెలు తుడిచి బల్ల మీద పెట్టాను.
ఉప్పు టీ ఒకదాంట్లోనే పోశాను.
ఆమె ఖాళీ గిన్నెల్ని చూసింది,
నన్ను చూసింది,
రొట్టె తుంచుకుంది.

పేరు నెస్రిన్. ఇజ్మీర్‌లో పళ్ల డాక్టరట.
గ్లోవు లాగితే బొటనవేలు వంకాయలా ఉంది.
గులకరాళ్ల మలుపులో బండి పడిందట.
రెండువందల కిలోల ఇనుము,
ఓ చెయ్యి వేసే నాథుడు లేక
సామానంతా ఒక్కొక్కటే విప్పి, లేపి,
మళ్లీ ఒక్కొక్కటే కట్టుకుందట.
అప్పుడు మీ ఆయనేం చేస్తున్నాడమ్మా
అని నాలిక చివరిదాకా వచ్చింది.
టీతో పాటు మింగేశాను.

కుక్కల గురించి అడిగింది.
నది లోతు అడిగింది.
కనుమ మీద తలనొప్పి వస్తే
ఎంత కిందికి దిగాలో అడిగింది.
మనుషుల గురించి మాత్రం అడగలేదు.
అందుకే కదా ఆ ఇద్దర్నీ
దేశాలు దాటించి వెంట తిప్పుకుంటోంది.

చీకటి పడ్డాక పశువుల బేరగాడొకడు తలుపు కొట్టాడు.
వాడికంటే ముందు వోడ్కా వాసన వచ్చింది.
"బయట ఆ ఎర్ర బండి ఎవరిది?"
"ముగ్గురొచ్చారు, పడుకున్నారు" అన్నాను.
వాడు దీపం వంచి గడప దగ్గర చూశాడు.
రెండు జతల మగ బూట్లు.
ఒకటి సైన్యంలోది, ఒకటి చలికాలంది.
"పెద్ద కాళ్లే" అని గొణిగి వెళ్లిపోయాడు.

రెండు జతలూ నా అబ్దిల్దావే.
వాడు మట్టిలోకి వెళ్లి తొమ్మిదేళ్లు.
కొత్త మొహం కనబడ్డ ప్రతి సాయంత్రం
పెట్టెలోంచి తీసి
వాగు బురద పూసి పెడతాను.
ఎండిన బూట్లను ఎవరూ నమ్మరు.

తలుపు సందులోంచి ఆమె అంతా చూసింది.
ఆ రాత్రి పక్క మీద
నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.
పొయ్యిలో పేడపిడక ఒకటి
చాలాసేపు ఎర్రగా ఉండిపోయింది.

పొద్దున్నే చెప్పాను:
"తొమ్మిదిలోపు నది దాటెయ్.
ఎండెక్కితే పైన మంచు కరిగి
మధ్యాహ్నానికి దాని బుద్ధి మారిపోతుంది.
నీళ్లు తెల్లగా ఉంటే అడుగు కనబడదు.
ముందు నడిచి చూడు.
నువ్వు నడవలేని చోట అది నడవదు."

మూడు పడకలకి డబ్బు లెక్కపెట్టింది.
ఒకదానికే తీసుకున్నాను.
"వాళ్లేం తిన్నారు గనక?" అన్నాను.
అప్పుడు నవ్వింది, మొదటిసారి,
పై పన్ను ఒకటి విరిగి ఉంది,
పళ్ల డాక్టరుకి.

బండి చప్పుడు వినబడనంత దూరం వెళ్లాక కూడా
చెవి అటే ఉంది.
ఆ రోజు, ఆ మర్నాడు
పాలు రెండుసార్లు పొంగబెట్టాను.

మూడోనాడు లారీ తోక్తోసున్ టీకి ఆగాడు.
"ఎర్ర బండి పిల్లా? దాటింది" అన్నాడు.
నడుందాకా తడిసిపోయి
కాపలా చౌకీ దగ్గర ఆగిందట.
"ఒంటరిగానా?" అని కుర్ర సిపాయి అడిగాడట.
"కాదు.
వెనక ఒక పెద్దావిడ గుర్రం మీద వస్తోంది.
మహా కోపిష్టి."
పాపం వాళ్లు పొద్దుగూకేదాకా
దారికేసి చూస్తూ కూర్చున్నారట.

నాకు గుర్రం లేదు.
అమ్మేసి నాలుగేళ్లయింది.
అయినా లారీ వెళ్లిపోయాక
కొక్కెం మీంచి జీను దించి
దుమ్ము దులిపాను.